క్రేను ఆగిన పదకొండు రోజులు

రోజూ పొద్దున్న ఐదింటికి లేచి మా ఆయన ప్యాంటు కాళ్ళ అంచులు తడిమి చూసేదాన్ని. అంచుకి మడత పడినా, కుట్టు ఊడినా అప్పటికప్పుడు సూది తీసేదాన్ని. ఆ మడతలో ఒక్క చుక్క నిలిస్తే చాలు, చర్మం కాలిపోతుంది. వేడికి కాదు, చలికి. ఆయన పోసేది ద్రవ నత్రజని. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుందట గానీ, దాని ముందు ఐసుగడ్డ కూడా నిప్పుకణికే అనేవాడు. అందుకని నూలుబట్టలే వెయ్యాలి. చొక్కాకి జేబు ఉండకూడదు. ప్యాంటు బూటు మీదికి జారి ఉండాలి. నాలుగేళ్ళు నా పొద్దు అలాగే తెల్లారింది. ఇప్పుడూ ఐదింటికే మెలకువ వస్తుంది. లేచి, చేతులకి పని దొరక్క, గుమ్మంలో కూర్చుంటాను.

మా ఆయన పేరు త్రినాథరావు. నాకు మేనత్త కొడుకు. ఇద్దరిదీ యారాడే. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన నోరు పెళ్ళయ్యాక కూడా మారలేదు. జాలరింట్లో పుట్టాడు గానీ, తెప్ప ఎక్కితే వాంతులు. ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. "సేపలకి మేత ఎయ్యడానికి ఎలతన్నాడ్రా మా త్రినాథం" అని మా నాన్నే అనేవాడు. ఇరవై ఏళ్ళకి సముద్రం వదిలేసి గాజువాక వచ్చి ఇనపయార్డులో చేరాడు.

యార్డులో ఆయన పని క్రేను కింద నిలబడి చెయ్యి చూపించడం. ఎత్తు, దించు, ఆపు. ఆ క్రేనుకి కొక్కెం ఉండదు. అట్లపెనానికి పదింతలుండే అయస్కాంతం వేలాడుతుంది. కరెంటు పెడితే కడ్డీల కట్ట ఎగిరి అంటుకుంటుంది, తీసేస్తే పడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి తాళాలు గూట్లో పెడితే నా సూదులు పోయి వాటికి అంటుకునేవి. "నీతో పాటు నీ తాళాలకీ ఇనపగుణం పట్టింది బావా" అంటే నవ్వేవాడు. పద్దెనిమిదేళ్ళు చేశాడు. ఒకరోజు కట్ట జారి కాలి మీద పడింది. రెండు వేళ్ళు తీసేశారు. ఇక యార్డు వద్దన్నాను.

ఆ యార్డుకి గోడ ఇవతలే ఒక పరిశోధనశాల కట్టారు. అక్కడ నత్రజని పోసే మనిషి కావాలంటే వెళ్ళాడు. పెద్ద పీపా అంత డబ్బా లోపల ఏదో వస్తువుని లోకంలో ఎక్కడా లేనంత చల్లగా ఉంచుతారు. దానికి తోడుగా ఉండే చిన్న డబ్బాలో ఉదయం ఆరున్నరకీ, సాయంత్రం నాలుగింటికీ నత్రజని నింపాలి. మా ఆడపడుచు ఈశ్వరి నోరు ఊరుకోదు. "నాగులసవితికి పుట్టలో పాలు పోత్తారు. మా అన్న ఏడాది పొడుగునా పోత్తన్నాడు. ఆ డబ్బాలోంచి నాగేంద్రుడు ఎప్పుడొత్తాడే వదినా?" అని అడిగేది.

లోపల ఏముందని నేనూ ఒకసారి అడిగాను. ఆయన అక్కడ చదువుకునే పిల్లని అడిగి తెలుసుకొచ్చాడు. ఆ పిల్ల పేరు జ్యోతిర్మయి, ఎలమంచిలి నుంచి వచ్చింది. డాక్టరు డిగ్రీకి చదువుతోంది. ఆయన్ని బాబాయ్ అనేది. మధ్యాహ్నం ఆయన క్యారేజీలోంచి నా కూర కూడా తినేది.

ఆయన నాకు చెప్పింది ఇది. లోపల వెంట్రుక కంటే సన్నటి తీగతో చేసిన చిన్న రింగు ఉంది. అంత చలిలో ఆ రింగులో పారే కరెంటుకి అడ్డు ఉండదు, ఆగకుండా తిరుగుతుంది. కుడివైపు తిరగొచ్చు, ఎడమవైపు తిరగొచ్చు. చూసేదాకా రెండూ నిజమే. దాన్ని వీళ్ళు ఒక లయలో ఊపుతారు, ఉయ్యాల ఊపినట్టు, అటూ ఇటూ, అటూ ఇటూ. ఊగినప్పుడల్లా ఒకచోట రెండు దారులు బాగా దగ్గరికొస్తాయి. అక్కడ అది కొంత ఉన్న దారినే పోతుంది, కొంత రెండో దారికి గెంతుతుంది. మళ్ళీ ఊపేసరికి ఆ రెండూ కలుస్తాయి.

"కలిస్తే ఏటవుద్ది?" అన్నాను.

"నీకు తెలీదేటే? తీరంలో తెప్ప దిగేకాడ మీ నాన్న ఏటి సూసేవోడు? ఒచ్చే అల, ఎనక్కెల్లే అల. రెండూ ఒక్కసారి లెగిత్తే కొండంత. ఒకటి లెగిసినప్పుడు ఒకటి దిగితే నీరు సదును. ఇదీ అంతే."

"అయి రెండు అలలు కదా."

"అక్కడే ఉంది సిత్రం. ఇది రెండు కాదే. ఒకటే అల. రెండు దోవల ఎల్లి తనకి తనే ఎదురొత్తది. తనని తనే పెంచుకుంటది, తనని తనే సెరిపేసుకుంటది."

కలిసి పెరిగినచోట టీవీలాంటి తెర మీద వెలుగు, చెరిగినచోట చీకటి. తెరంతా చారలు పడతాయి. చారల చీర ఆరేసినట్టు ఉంటుందన్నాడు. ఆ చారలు ఎంత తేటగా ఉంటే ఆ పిల్ల చదువు అంత బాగా సాగినట్టు.

మూడో ఏడు ఆ చారలు చెడడం మొదలైంది. రంగు దిగిన చీరలాగా ఒక దాంట్లోకి ఒకటి కలిసిపోయేవి. కాసేపు బాగుండేవి, మళ్ళీ పోయేవి. అక్కడి పెద్దసారు ఉమామహేష్ గారు లోపలివన్నీ విప్పి బిగించారు. ఏం తేలలేదు. ఆ గదికి కిటికీ లేదు. తలుపు వేస్తే బయట పిడుగు పడినా వినపడదు. వినేది మా ఆయన ఒక్కడే. నత్రజని డబ్బా తోసుకుంటూ గోడ పక్క నుంచే వస్తాడు. గోడ అవతల క్రేను హారను కొడితే ఆయన చెయ్యి దానంతటదే లేచేది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. అలా ఒకరోజు హారను విని, లోపలికొచ్చి, తెర చూశాడు. చారలు పక్కకి జరిగిపోయి ఉన్నాయి. మళ్ళీ బయటికెళ్ళి చూశాడు, అయస్కాంతం కట్ట ఎత్తి పట్టుకుని ఉంది. కట్ట పడ్డ చప్పుడు విని లోపలికి పరిగెత్తాడు. చారలు వాటి చోటికి వచ్చేశాయి.

సారుకి చెప్పాడు. సారు నవ్వారట. "త్రినాథం, నీ క్రేను ఎక్కడ, నా రింగు ఎక్కడ? మధ్యలో అంత గోడ."

"అయస్కాంతానికి గోడేటి సార్?"

"ఆ రింగు చుట్టూ అయస్కాంతం దూరని తొడుగుందయ్యా. నువ్వు నత్రజని టైముకి పోస్తున్నావో లేదో అది చూసుకో."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఒలే సీతాలూ, ఒక పుస్తకం తియ్యి. నాను సెప్తాను, నువ్వు రాయి" అన్నాడు. ఆయనకి సంతకం వరకే వచ్చు. నేను ఐదో తరగతి. పిల్లలకి తెచ్చిన రూళ్ళ పుస్తకం ఒకటి తీశాను. రాత ఎక్కువ రాయలేక గుర్తులు పెట్టుకున్నాను. నత్రజని పోస్తే చెంబు బొమ్మ. క్రేను ఎత్తితే గుండ్రంగా పెనం బొమ్మ. పక్కన గంట, నిమిషం. తెర చెడితే అడ్డగీత. బాగుంటే ఏమీ లేదు. ఏడు నెలలు రోజూ సాయంత్రం టీ తాగుతూ ఆయన చెప్పడం, నేను గియ్యడం. పొద్దుటి చెంబు ఏనాడూ ఆరున్నర దాటలేదు, సాయంత్రపుది నాలుగు దాటలేదు. పెనం ఉన్నచోటల్లా అడ్డగీత ఉంది.

మేం ఇక్కడ బొమ్మలు గీసుకుంటుంటే అక్కడ వాళ్ళు వాళ్ళ లెక్క వేసుకున్నారు. జ్యోతిర్మయి వారాల వారీగా ఒక పటం గీసింది. అందులో ఆదివారాలు చారలు తేటగా ఉన్నాయి, మిగిలిన రోజులు చెడ్డాయి. ఆదివారం మా ఆయనకి సెలవు. ఆ రోజు నత్రజని పోసేది జ్యోతిర్మయే. ఇంకేం, దొంగ దొరికాడు. మిగిలిన రోజులు త్రినాథరావు వేళకి పొయ్యడం లేదు, లోపల చలి తగ్గుతోంది, చారలు చెడుతున్నాయి. ఆదివారం యార్డుకీ సెలవేనని, క్రేను కూడా ఆ రోజు ఆగుతుందని అంత చదువుకున్న వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. గోడ ఎక్కి చూసిన వాళ్ళు లేరు.

ఒక సోమవారం కాగితం ఇచ్చి పంపేశారు. ఇంటికొచ్చి నా చేతిలో పెట్టాడు. చదివాను. విధి నిర్వహణలో అలసత్వం అని ఉంది.

"అంటే ఏటే?"

"బద్దకం" అన్నాను.

 ఆయన లేచి బూట్లు గుమ్మం పక్కన సరిగ్గా పెట్టాడు. రోజూ పెట్టేచోటే.

ఇంక విషయం అక్కడితో ఆగిందా అంటే ఆగలేదు. సరిగ్గా ఆ మర్నాడే యార్డులో క్రేను అయస్కాంతం కాలిపోయింది. బాగు చెయ్యడానికి విప్పి పంపేశారు. పదకొండు రోజులు క్రేను కదల్లేదు. లోపల చారలు పట్టుచీర అంచులా వచ్చాయి. నాలుగోరోజు మా ఆయన టీకొట్టు దగ్గర కనిపిస్తే జ్యోతిర్మయి దాచలేదు, చెప్పేసింది. "ఏమీ అనుకోకు బాబాయ్. నువ్వెళ్ళాక ఒక్కరోజు కూడా చెడలేదు."

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చాడు. అన్నం కలిపి చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాటి నుంచి ఉద్యోగం లేకపోయినా ఐదింటికే లేచేవాడు. నేను అలవాటుగా అంచులు చూసి ప్యాంటు ఇచ్చేదాన్ని, అలవాటుగా తొడుక్కునేవాడు. యార్డు గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడి వచ్చేవాడు. "రాయి. ఈరోజు క్రేను లెగలేదు." నేను పెనం బొమ్మ గీసి దాని మీద కొట్టివేత పెట్టేదాన్ని. మొదటి నాలుగు రోజులవి వెనక్కెళ్ళి రాయించాడు, యార్డులో పాత స్నేహితుణ్ణి అడిగి. అలా పదకొండు కొట్టివేతలు. పన్నెండో రోజు మధ్యాహ్నమే పరిగెత్తుకొచ్చాడు, కుంటికాలితో, ముఖమంతా చెమట.

"అయస్కాంతం ఒచ్చేసిందే! పదిన్నరకి మొదటి కట్ట లేపింది. సూడు, ఈరోజు నుంచి ఆళ్ళ సారలు సెరిగిపోతాయి. ఇప్పుడు ఎవుడు పోత్తన్నాడు నత్రజని? నానైతే లేను కదా! ఒక ఉత్తరం రాయే. అన్నీ తారీకులేసి రాయి. రేపు పట్టుకెల్లి సారు సేతిలో పెడతాను."

అప్పుడు నేనేం చేస్తున్నాను? కవళ్ళ చేపలు ఎండబెడుతున్నాను. మబ్బు పట్టింది. తడిస్తే కుళ్ళిపోతాయని మేడమీదకీ కిందకీ తిరుగుతున్నాను. "రేపు రాత్తాను బావా" అన్నాను. మర్నాడు కూడా అదే మాట. పైగా ఒక మాట ఎక్కువే అన్నాను. "పెద్దోళ్ళతో మనకెందుకు? నీ రింగు, నీ సారలు, అయి మనకి కూడెడతాయేటి?"  మూడోరోజు పొద్దున్న ఐదింటికి నేను అంచులు తడిమి ప్యాంటు పట్టుకుని వెళ్ళేసరికి మంచం మీద చల్లగా ఉన్నాడు. గుండె అన్నారు డాక్టరు.

ఆ ఉత్తరం నేను రాయలేదు. దీనికి మాత్రం ఎవరిమీదా నెపం పెట్టలేను.

పెద్దకర్మకి కూడా ఆ పరిశోధనశాల నుంచి ఎవరూ రాలేదు. నాలుగు నెలలు పోయాక జ్యోతిర్మయి వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. కూర్చోమని నేనూ అనలేదు.

"పిన్నీ, బాబాయ్ చెప్పింది నిజం. మళ్ళీ చెడిపోయాయి. కొత్త మనిషి పోసినా, నేను పోసినా చెడుతున్నాయి. ఆఖరికి మొన్న లోపలంతా విప్పాం. ఆ తొడుగు మూత సరిగ్గా బిగిసి లేదు. సందు ఉంది. అందులోంచి వస్తోంది క్రేను ప్రభావం." చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుంది. "ఆ మూత బిగించింది నేనే పిన్నీ."

నేను బియ్యం ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చింది. ఏడ్చి, వచ్చిన పని చెప్పింది. ఆ పదకొండు రోజుల చారలు పెట్టి వాళ్ళు ఒక పెద్ద వ్యాసం రాసి బయటిదేశం పత్రికకి పంపారు. నత్రజని పోసే పద్ధతి సరిచేశాక చారలు బాగుపడ్డాయని అందులో ఒక వాక్యం ఉంది. పరీక్షించే వాళ్ళు రుజువు అడిగారు. అది తప్పని ఇప్పుడు వీళ్ళకే తెలుసు. క్రేను ఏ రోజు ఏ గంటకి లేచింది, ఏ రోజుల్లో ఆగింది, ఎవరి దగ్గరా లేదు. యార్డువాళ్ళు రాసిపెట్టుకోరు. ఉన్నది మా రూళ్ళ పుస్తకంలోనే.

"బాబాయ్ ఒకసారి చెప్పారు, మా సీతాలు అంతా రాత్తాదని. ఇస్తావా?"

తీసి చూపించాను. ఆ పిల్ల పేజీలు తిప్పింది. చెంబులు, పెనాలు, గీతలు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"దీన్ని మంచిగా, మాటల్లో తిరగరాసి ఇవ్వాలి పిన్నీ. నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు."

"రాత్తాను. ముందు ఆ కాగితం మార్చి రాయించు. బద్దకం అని రాసిన కాగితం."

రెండు రోజులకి ఉమామహేష్ గారిని వెంటబెట్టుకొచ్చింది. ఈయన్ని కూర్చోబెట్టాను. మంచినీళ్ళిచ్చాను. మంచివాడిలాగే మాట్లాడారు.

"త్రినాథరావు చాలా తెలివైన మనిషమ్మా. ఆ రోజు నేను వినలేదు. వ్యాసం చివర్లో ఆయన పేరు వేసి కృతజ్ఞతలు రాస్తాం. ప్రపంచంలో ఎంతోమంది చదువుతారు."

"కాగితం?"

"అది ఆఫీసు ఫైల్లోకి వెళ్ళిపోయిందమ్మా. దాన్ని కదిపితే ఎందుకు రాశారు, ఎవరు రాశారు అని మళ్ళీ అదంతా... పోయిన మనిషికి ఆ కాగితంతో పనేముంది?"

నేను మాట్లాడేదాన్ని కాదు. ఇరవై ఏళ్ళ కాపురంలో నా గొంతు పక్కింటికి వినపడలేదు. ఆ రోజు కూడా పెద్దగా ఏమీ అనలేదు.

"బతికున్నప్పుడు ఉజ్జోగం తీసేసినారు. సచ్చిపోయినాక కాగితంతో పనేటి అంటన్నారు. మరి మా ఆయనకి ఏటి మిగిల్చినట్టండీ?"

సారు గ్లాసు కింద పెట్టారు. జ్యోతిర్మయి నేల చూసింది. ఆయన, "చూద్దాం అమ్మా, మీరైతే రాయడం మొదలుపెట్టండి" అని లేచారు. చూద్దాం అనే మాటకి అర్థం నాకు తెలుసు. రేపు రాస్తాను అని నేను అన్న మాటకి ఉన్న అర్థమే దానికీ ఉంది. ఆ పిల్ల కొత్త పుస్తకం ఒకటి, పెన్ను ఒకటి గట్టు మీద పెట్టి, శుక్రవారం వస్తానంది.

మొదలుపెట్టాను. నాలుగు రోజులు కూర్చుని రాశాను. వేలు నొప్పిపెట్టింది. ఫలానా తారీఖు, సోమవారం, ఆరు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు నత్రజని పోశారు. తొమ్మిదీ పదికి క్రేను లేచింది, తెర చెడింది. ఒక్కో చెంబు బొమ్మ దగ్గర ఆగాను. ఒక పేజీలో టీ మరక ఉంది, ఆ రోజు గ్లాసు ఒలకబోసింది ఆయనే. "అదీ రాయే, టీ పోసినాడు అని" అన్నాడు. నేను నిజంగానే రాశాను, మరక పక్కన చిన్న గ్లాసు బొమ్మ. కొత్త పుస్తకంలో అది ఎక్కించలేదు. అది వాళ్ళకెందుకు.

నిన్న, గురువారం, ఆయన్ని పంపేసిన సోమవారం దాకా వచ్చాను. ఆ రోజు కూడా ఆరున్నరకి చెంబు ఉంది. కాగితం చేతిలో పెట్టే ముందు కూడా పోశాడన్నమాట. అదీ రాశాను. తర్వాతి పేజీ తిప్పాను. పెనం మీద కొట్టివేత, పెనం మీద కొట్టివేత, వరసగా పదకొండు. వాళ్ళకి కావలసింది ఇవే. ఇవి లేకపోతే మిగిలిన ఏడు నెలలూ ఉండి లేనట్టే. వ్యాసం ఆగుతుంది. జ్యోతిర్మయి డిగ్రీ కూడా ఆగుతుందని తెలుసు. ఆ పిల్ల నా చేతి కూర తిన్న పిల్ల. ఆగనీ. మూత సందు అంత పని చేసినప్పుడు, ఈ ఒక్క పేజీ ఖాళీ కూడా కాస్త పని చేస్తుందేమో చూస్తాను.

కొత్త పుస్తకంలో పేజీకి గళ్ళు గీశాను. మంగళవారం మొదలు పదకొండు తారీఖులూ ఒక దాని కింద ఒకటి వేశాను. పైన, అందరికీ అర్థమయ్యే అక్షరాల్లో, కాగితం మారాక రాస్తాను అని పెట్టాను. పాత పుస్తకం తీసి నా చీరల అడుగున పెట్టి తాళం వేశాను.

ఈరోజు శుక్రవారం. వీధిలో బండి ఆగిన చప్పుడైంది. జ్యోతిర్మయి అయ్యుంటుంది. కొత్త పుస్తకం గట్టు మీదే ఉంది, పెన్ను మూత పెట్టి ఉంది. పదకొండు తారీఖుల పక్కనా ఏమీ రాయలేదు.